జనరేటర్ ఎక్కినప్పుడల్లా కూలిన కెర్నెల్: రిఫరెన్స్ కౌంట్ మీద ఒక కేస్ స్టడీ

నేను విజయనగరంలో ఉంటూ చిన్న కంపెనీలకు లైనక్స్ డ్రైవర్ల (పరికరాలను కంప్యూటర్‌తో పనిచేయించే ప్రోగ్రామ్‌ల) పని చేసిపెడతాను. ఇది ఆ పనిలో ఎదురైన ఒక కేసు. ఫ్యాక్టరీనీ, యంత్రం అమ్మిన కంపెనీనీ, మనుషుల్నీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కోడ్‌లోని పేర్లు కూడా మార్చాను. రిఫరెన్స్ కౌంటింగ్ గురించి మన భాషలో చదువుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. డ్రైవర్లు రాసే కుర్రాళ్లు మన జిల్లాల కాలేజీల నుంచి ఏటా వస్తూనే ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

నేపథ్యం

పలాస-కాశీబుగ్గ వైపు జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పప్పును రంగు చూసి వేరుచేసే కలర్ సార్టర్ యంత్రాలు ఇప్పుడు మామూలైపోయాయి. పప్పు జారుతూ వస్తుంటే కెమెరా ఫొటోలు తీస్తుంది, లోపల ఉన్న కంప్యూటర్ ఒక్కో గింజను చూసి మచ్చ ఉందో లేదో తేలుస్తుంది, మచ్చ ఉంటే గాలి వాల్వు తెరుచుకుని ఆ గింజను పక్కకు ఊదేస్తుంది. నేను చూసిన యంత్రంలో 64 బిట్ ఆర్మ్ బోర్డు, 1 జీబీ ర్యామ్, 5.10 లైనక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) ఉన్నాయి. రెండు కెమెరా బోర్డులు యూఎస్‌బీ మీద వేలాడుతున్నాయి. వాటికి డ్రైవర్‌ను అమ్మిన కంపెనీయే రాసుకుంది. అది మెయిన్‌లైన్ (అందరూ కలిసి నడిపే అధికారిక) కెర్నెల్‌లో లేదు, అంటే బయటివాళ్లు ఎవరూ దాన్ని చదివి తప్పు పట్టలేదు.

డ్రైవర్‌లో ఒక్కో కెమెరాకు ఒక స్ట్రక్చర్ ఉంది, అందులో ఒక అటామిక్_టి (ఒకేసారి చాలామంది మార్చినా లెక్క తప్పని సంఖ్య రకం) కౌంటర్. కెమెరా తగలగానే కౌంట్ 1 అవుతుంది. ప్రోగ్రామ్ ఆ డివైస్‌ను ఓపెన్ చేస్తే ఒకటి పెరుగుతుంది, క్లోజ్ చేస్తే తగ్గుతుంది. కెమెరా ఊడితే మరొకటి తగ్గుతుంది. సున్నాకు చేరినప్పుడు మెమరీని కెర్నెల్‌కు తిరిగి ఇచ్చేస్తారు. రిఫరెన్స్ కౌంట్ అంటే ఇంతే. గోడౌన్‌లో ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టుకుని, చివరివాడు బయటికొచ్చాక తాళం వేయడం లాంటిది. లెక్క ఒకటి తప్పితే లోపల మనిషి ఉండగానే తాళం పడుతుంది, లేదా తాళం ఎప్పటికీ పడదు.

సమస్య

కొత్త పిక్కలు దిగే సీజన్‌లో యంత్రం ఉన్నట్టుండి ఆగిపోయేది. ఒక్కోసారి స్క్రీన్ బిగుసుకుపోయేది, ఒక్కోసారి దానంతటదే రీబూట్ అయ్యేది. ఆగినప్పుడల్లా పప్పు కుప్పలు బల్లల మీదికి చేరేవి, ఆడవాళ్లు చేత్తో గ్రేడింగ్ చేసేవారు. యజమానిని ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి. ఆగేముందు కొన్నిసార్లు మంచి డబ్ల్యూ320 గ్రేడు గుండ్లు (విరగని పప్పు) కూడా రిజెక్టు డబ్బాలో పడేవి. యంత్రం ఆగితే కనీసం తెలుస్తుంది, తప్పు గ్రేడు పోతే పార్టీ ఫోన్ చేసేదాకా తెలియదు కదా అని ఆయన టెన్షన్.

నాకు పంపిన క్రాష్ లాగ్‌లలో ఏ రెండూ ఒకలా లేవు. ఒకటి ఎక్స్‌టి4 ఫైల్‌సిస్టమ్‌లో కూలింది. ఒకటి నెట్‌వర్క్ కోడ్‌లో. మరొకటి మెమరీ ఇచ్చే కేమలాక్ లోపలే కూలింది. కెమెరా డ్రైవర్ పేరు ఏ లాగ్‌లోనూ లేదు. కంపెనీవాళ్లు అందుకే ఇది హార్డ్‌వేర్ సమస్య అనుకున్నారు.

నేను దాన్ని వేరేగా చదివాను. ఒకే చోట కూలితే ఆ చోటును అనుమానించాలి. సంబంధం లేని చోట్ల కూలుతుంటే, వాళ్లందరి మెమరీని ఇంకెవరో పాడుచేస్తున్నారని అనుమానించాలి. క్రాష్ అయినవాడు బాధితుడు, నేరస్తుడు అప్పటికే వెళ్లిపోయాడు. ర్యామ్ చెడినా ఇలాగే ఉంటుంది కాబట్టి ముందు దాన్ని తోసిపుచ్చాలి.

ఈ కేసులో అన్నిటికంటే విలువైన ఆధారం ఇచ్చింది ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్. "సానాసార్లు సూసినాను బాబూ, కరెంటు పోయి జనరేటరు ఎక్కినప్పుడే ఇది ఆగిపోతంది" అన్నాడు. కంప్యూటర్ యూపీఎస్ మీద ఉందని, కరెంటుకూ దీనికీ సంబంధం లేదని కంపెనీ అప్పటికే ఆయన మాటను పక్కన పెట్టింది. వైరింగ్ చూస్తే కంప్యూటర్ మాత్రమే యూపీఎస్ మీద ఉంది. కెమెరా బోర్డులు, లైట్లు ఉన్న సప్లై నేరుగా మెయిన్స్ మీద ఉంది. జనరేటర్ ఎక్కే ఆ కొద్ది సెకన్లలో కంప్యూటర్ బతికే ఉంటుంది, కెమెరాలు మాత్రం యూఎస్‌బీ నుంచి ఊడి మళ్లీ తగులుతాయి. అంటే డ్రైవర్‌లోని డిస్కనెక్ట్ దారి ప్రతి కరెంటు కోతకూ నడుస్తోంది. కంపెనీ తన ఆఫీసులో ఆ దారిని ఎప్పుడో గానీ పరీక్షించి ఉండదు, అక్కడ కేబుల్ ఎవరూ పీకరు.

ముందు ప్రయత్నించినవి

నేను వెళ్లేసరికే ర్యామ్ బోర్డుతో సహా మార్చారు, ఎస్ఎస్‌డీ మార్చారు, ఎర్తింగ్ మళ్లీ వేశారు. బిగుసుకుపోతే దానంతటదే రీబూట్ అయ్యేలా వాచ్‌డాగ్ పెట్టారు. బోర్డు మార్చాక కూడా అదే వరస అంటే ర్యామ్ అనుమానం తీరిపోయినట్టే. ఆ ఖర్చు నాకు ఆ మేరకు ఉపయోగపడింది.

యజమానికి సీజన్ ఆగదు. కెమెరా సప్లైని కూడా యూపీఎస్ మీదికి మార్పించాను. క్రాష్‌లు బాగా తగ్గాయి. కంపెనీ ఇక్కడితో ఫైలు మూసేద్దామంది, నేను ఒప్పుకోలేదు. సప్లై మార్చడం వల్ల డిస్కనెక్ట్‌లు తగ్గాయి గానీ తప్పు అలాగే ఉంది. యంత్రం రోజంతా అదురుతూ ఉంటుంది, యూఎస్‌బీ కనెక్టర్ వదులైనా అదే జరుగుతుంది. తర్వాత ఒకసారి అదే జరిగింది కూడా.

డ్రైవర్‌లో అక్కడక్కడా ప్రింట్‌లు పెట్టి చూస్తే టైమింగ్ మారి క్రాష్ మాయమైంది. రెండు పనుల్లో ఏది ముందు జరిగిందన్న దాన్ని బట్టి వచ్చే తప్పుల్లో, అంటే రేస్ కండిషన్‌లలో, ఇది మామూలే. ప్రింట్ పెడితే పోయే బగ్ అంటే రేస్ ఉందన్న అనుమానం బలపడుతుంది తప్ప, ఎక్కడుందో తెలియదు.

తర్వాత కేఏశాన్. ప్రతి మెమరీ వాడకాన్నీ తనిఖీ చేసే ఈ సాధనం ఆర్మ్64 మీద బాగా పనిచేస్తుంది. కానీ మెమరీలో ఎనిమిదో వంతు తన లెక్కలకే తీసుకుంటుంది, కోడ్‌ను నెమ్మదింపజేస్తుంది. ఈ చిన్న బోర్డు మీద ఫ్రేమ్‌లు పడిపోయి, చదివే ప్రోగ్రామ్ ముందే టైమౌట్ అయిపోయేది. అసలు సందర్భమే రాలేదు. దాన్ని పక్కన పెట్టాను, తర్వాత వేరే విధంగా వాడుకున్నాను.

6సి అనే ఒక్క బైటు

ఇంట్లో బల్ల మీద అదే బోర్డు, ఒక కెమెరా, కెమెరా కరెంటును పదేపదే కోసే ఒక రిలే పెట్టుకున్నాను. కెర్నెల్‌ను స్లబ్ (మెమరీ ముక్కలు పంచే భాగం) డీబగ్ ఆన్ చేసి బూట్ చేశాను. అన్నిటికీ కాకుండా, కెమెరా స్ట్రక్చర్ ఏ సైజు కేమలాక్ క్యాష్‌లో పడుతుందో దానికి మాత్రమే. అలా చేస్తే వేగం పెద్దగా తగ్గదు, టైమింగ్ చెడదు.

ఈ మోడ్‌లో మెమరీ ముక్కను ఫ్రీ చేయగానే కెర్నెల్ దాన్ని 6బి (హెక్స్ సంఖ్య) అనే బైటుతో నింపేస్తుంది, చివరి బైటు మాత్రం ఎ5. దీన్ని పాయిజన్ అంటారు. ఆ ముక్కను మళ్లీ ఎవరికైనా ఇచ్చేముందు అన్నీ 6బిలే ఉన్నాయా అని చూస్తుంది. లేకపోతే ఫ్రీ అయ్యాక ఎవరో రాశారని అర్థం. ఎవరు తీసుకున్నారు, ఎవరు ఫ్రీ చేశారు అనే స్టాక్ ట్రేస్‌లు కూడా అచ్చు వేస్తుంది.

కాసేపటికే రిపోర్టు వచ్చింది. ముక్క అంతా 6బి, ఒకే ఒక్క చోట 6సి.

ఆ ఒక్క బైటు దగ్గర నేను చాలాసేపు ఆగాను. చెత్త డేటా రాసినట్టయితే వరసగా చాలా బైట్లు మారతాయి. ఒకే బైటు, అదీ సరిగ్గా ఒకటి పెరిగింది. ఇది లిటిల్ ఎండియన్ ప్రాసెసర్ కాబట్టి 32 బిట్ సంఖ్యలో అన్నిటికంటే చిన్న స్థానం ముందు బైటులో ఉంటుంది. స్ట్రక్చర్‌లో ఆ స్థానం ఏమిటో లెక్కవేస్తే సరిగ్గా రిఫరెన్స్ కౌంటర్ ఉన్న చోటే. అంటే ఫ్రీ అయిపోయిన వస్తువు కౌంట్‌ను ఎవరో ఒకటి పెంచారు. పెంచడం అంటే గెట్. అదే 6ఎ కనబడి ఉంటే ఎవరో తగ్గించారని, అంటే పుట్ ఒకటి ఎక్కువైందని చదువుకోవాలి. ఈ రెండు బైట్లకూ ఉన్న తేడా వెతకాల్సిన కోడ్‌ను సగానికి తగ్గిస్తుంది.

లాగ్‌లలో పరాయి కోడ్‌లు ఎందుకు కూలాయో కూడా ఇక్కడే తేలిపోయింది. పాయిజన్ లేని ఫ్యాక్టరీ కెర్నెల్‌లో ఫ్రీ అయిన ముక్క వెంటనే ఇంకొకరికి వెళ్తుంది. ఆ +1 వాళ్ల డేటాలో పడుతుంది. అది పాయింటర్ అయితే క్రాష్. వాల్వు టైమింగ్ పట్టికలో సంఖ్య అయితే మంచి గుండు రిజెక్టులోకి.

ఓపెన్ దారిలో సందు

గెట్‌లు డ్రైవర్‌లో ఎక్కువ లేవు. ఓపెన్ ఫంక్షన్ ఇలా ఉంది: కెమెరాల లిస్టు లాక్ తీసుకో, మైనర్ నంబరుతో (డివైస్ గుర్తింపు సంఖ్యతో) కెమెరాను వెతుకు, లాక్ వదులు, కౌంట్ పెంచు. లాక్ వదిలాక, పెంచేలోపు ఒక చిన్న సందు ఉంది. ఆ సందులో డిస్కనెక్ట్ నడిస్తే లిస్టులోంచి తీసేసి, కౌంట్‌ను సున్నా చేసి, ఫ్రీ చేసేస్తుంది. ఓపెన్ చేతిలో మిగిలింది చచ్చిన పాయింటర్.

ఇంత చిన్న సందులో పడటం అరుదు కదా అనిపించొచ్చు. యూజర్ ప్రోగ్రామ్ చూశాక ఆ సందేహం తీరింది. రీడ్‌లో ఎర్రర్ వస్తే అది డివైస్‌ను మూసి, ఆలస్యం లేకుండా మళ్లీ తెరుస్తూ లూప్‌లో తిరుగుతుంది. కెమెరా ఊడే క్షణంలోనే ఓపెన్‌లు వరసగా వచ్చిపడతాయి.

ఊహను నిర్ధారించుకోవాలి. లాక్ వదలడానికీ కౌంట్ పెంచడానికీ మధ్య కావాలనే కొంత నిద్ర పెట్టాను. ఇప్పుడు సందు పెద్దదైంది కాబట్టి నెమ్మదిగా నడిచే కేఏశాన్ కెర్నెల్‌లో కూడా తప్పు వెంటనే పడింది, ఓపెన్ ఫంక్షన్ పేరుతో సహా. రేస్‌ను సరిచేశామని చెప్పాలంటే ముందు దాన్ని పిలిస్తే పలికేలా చేసుకోవాలి. ఆ నిద్ర ఉండగానే సరిచేసిన కోడ్ నిలబడాలి.

రెఫ్‌కౌంట్_టి ఏం చేస్తుంది, ఏం చేయదు

ఇక్కడ కాస్త చరిత్ర అవసరం. 2016 జనవరిలో సీవీఈ-2016-0728 అనే భద్రతా లోపం బయటపడింది. రహస్య కీలను దాచే కెర్నెల్ కీరింగ్ కోడ్‌లో ఒక ఎర్రర్ దారిలో పుట్ మరిచిపోయారు. మామూలుగా చూస్తే అది కొంచెం మెమరీ లీకు మాత్రమే. కానీ కౌంటర్ 32 బిట్లది. అదే పిలుపును 2 ఘాతం 32 సార్లు చేస్తే కౌంటర్ చుట్టు తిరిగి సున్నాకు వస్తుంది, వాడుతున్న వస్తువు ఫ్రీ అవుతుంది, దాంతో మామూలు యూజర్ రూట్ (సర్వాధికారి) అయిపోవచ్చు. ఇలాంటివాటికి పాక్స్ అనే భద్రతా ప్యాచ్‌లలో అంతకుముందే రక్షణ ఉంది. మెయిన్‌లైన్‌లోకి అది 2017లో, 4.11 కెర్నెల్‌తో రెఫ్‌కౌంట్_టి అనే కొత్త రకంగా వచ్చింది. పీటర్ జిల్‌స్ట్రా రాశారు. ఎలెనా రెషెటోవా, కీస్ కుక్ మొదలైనవాళ్లు కెర్నెల్ అంతటా మార్పిడిని ముందుకు నడిపారు. మధ్యలో కొన్ని వెర్షన్లలో పూర్తి తనిఖీలు కావాలంటే కాన్ఫిగ్‌లో విడిగా ఆన్ చేసుకోవాల్సి వచ్చేది. 5.5లో విల్ డీకన్ తిరగరాశాక అవి అందరికీ ఎప్పుడూ ఆన్‌లోనే ఉన్నాయి. మా 5.10లో అందుకే విడిగా ఏమీ ఆన్ చేయనక్కర్లేదు.

అటామిక్_టి ఒక సంఖ్య, అంతే. ఏది అడిగితే అది చేస్తుంది. రెఫ్‌కౌంట్_టికి మాత్రం తాను ఒక వస్తువు ప్రాణాన్ని లెక్కపెడుతున్నానని తెలుసు. సున్నా నుంచి పెంచబోతే ఒప్పుకోదు, హెచ్చరిక వేస్తుంది. సున్నా కిందికి దించబోతే హెచ్చరిక. గరిష్ఠం దాటబోతే చుట్టు తిరగదు. ఈ మూడింటిలో ఏది జరిగినా కౌంటర్‌ను ఒక పెద్ద ప్రత్యేక విలువ దగ్గర బిగించేస్తుంది, ఆ తర్వాత ఆ వస్తువు ఫ్రీ కాదు. కొంత మెమరీ పోయినా పర్లేదు గానీ వాడుతున్న మెమరీని ఫ్రీ చేయకూడదన్నది దాని లెక్క. ఈ ఫ్యాక్టరీకి అది సరిగ్గా సరిపోతుంది. కాస్త లీకైన యంత్రాన్ని మధ్యాహ్నం భోజనాల వేళ రీబూట్ చేసుకోవచ్చు. తప్పు గ్రేడు వెళ్లిన సరుకును వెనక్కి తేలేరు.

కంపెనీ ప్రోగ్రామర్ చురుకైన కుర్రాడు. నేను చెప్పగానే డ్రైవర్‌లోని అటామిక్_టిలన్నిటినీ ఒక్క దెబ్బకు రెఫ్‌కౌంట్_టి చేసి పంపాడు. బూట్ అవగానే హెచ్చరికల వరద. వాటిలో ఒకటి "స్ట్రీమింగ్ వాడుకుంటున్నవారి సంఖ్య" అనే కౌంటర్‌ది. అది సున్నా నుంచి ఒకటికి వెళ్లడం తప్పు కాదు, స్ట్రీమింగ్ మొదలవడం అంటేనే అది. సున్నా అయితే వస్తువు చచ్చినట్టు అనే అర్థం ఆ కౌంటర్‌కు లేదు. దాన్నీ, ఫ్రేమ్ సీక్వెన్స్ నంబరునూ అటామిక్_టిగానే వదిలేయమన్నాను. సున్నాకు చేరగానే ఫ్రీ అయ్యే కౌంటర్లే రెఫ్‌కౌంట్_టి కావాలి.

ఆ మార్పిడిలో ఒక లాభం కూడా దొరికింది. ఫ్రేమ్ బఫర్ కోడ్‌లో ఒకచోట కౌంట్ తగ్గించి, తర్వాత విడిగా చదివి, సున్నా అయితే ఫ్రీ చేస్తున్నారు. ఇద్దరు ఒకేసారి తగ్గిస్తే ఇద్దరికీ సున్నా కనబడుతుంది, రెండుసార్లు ఫ్రీ. రెఫ్‌కౌంట్_డెక్ సున్నాను తాకితే హెచ్చరిస్తుంది కాబట్టి ఈ రెండు అడుగుల పద్ధతి దానంతటదే బయటపడింది. తగ్గించడం, సున్నానా అని చూడటం ఒకే ఆపరేషన్‌గా చేసే డెక్_అండ్_టెస్ట్ అక్కడ పెట్టాం.

ఇప్పుడు ఓపెన్ సందు. కుర్రాడి సూచన: "సార్, రెఫ్‌కౌంట్_ఇంక్_నాట్_జీరో పెడదాం. సున్నా అయితే పెంచదు కదా, ఎర్రర్ ఇచ్చి వచ్చేద్దాం." చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అందుకే దీని మీద కాస్త నిలబడతాను. ఆ ఫంక్షన్ సున్నానా అని చూసేది ఎక్కడ? ఫ్రీ అయిపోయిన మెమరీలో. అక్కడ ఇప్పుడు సున్నా ఉంటుందని ఎవరు హామీ ఇచ్చారు? బల్ల మీద అదే చూపించాను. స్లబ్ పాయిజన్ ఆన్‌లో ఉంటే ఆ కౌంటర్ చోట నాలుగు 6బిలు ఉంటాయి. దశాంశంలో అది 1802201963. సున్నా కాదు, రుణ సంఖ్య కాదు, నిక్షేపమైన కౌంట్‌లా కనబడుతుంది. ఇంక్_నాట్_జీరో సంతోషంగా పెంచేసి "దొరికింది" అంటుంది.

ఇదే కారణంతో ఇంకో సంగతి. పాయిజన్ ఆన్‌లో ఉన్నంతసేపు మామూలు రెఫ్‌కౌంట్_ఇంక్ కూడా నోరు మెదపదు. "రెఫ్‌కౌంట్_టి పెట్టాం, స్లబ్ డీబగ్ పెట్టాం, రెఫ్‌కౌంట్ హెచ్చరిక రాలేదు కాబట్టి కౌంట్ బాగుంది" అనుకుంటే మోసపోతాం. రెండింటినీ విడివిడిగా నడపాలి. రెఫ్‌కౌంట్ తనిఖీకి పాయిజన్ తీసేసి, ఫ్రీ చేసిన మెమరీని సున్నాలతో నింపే ఇనిట్_ఆన్_ఫ్రీ ఆప్షన్‌తో బూట్ చేశాను. ఇది 5.3 నుంచి ఉంది. అప్పుడు చచ్చిన కౌంటర్ సున్నాగానే కనబడుతుంది. పాత ఓపెన్ కోడ్ మీద హెచ్చరిక వెంటనే వచ్చింది: సున్నాకు కలుపుతున్నారు, యూజ్ ఆఫ్టర్ ఫ్రీ. స్టాక్ ట్రేస్‌లో ఓపెన్.

ఏది నిలబడింది

ఇంక్_నాట్_జీరోను సరిగ్గా వాడాలంటే కౌంటర్ చదివేంతసేపు మెమరీ బతికి ఉంటుందని ఇంకెవరో హామీ ఇవ్వాలి. ఆర్‌సీయూ (చదివేవాళ్లు ముగించేదాకా ఆగే కెర్నెల్ పద్ధతి) ఆ హామీ ఇవ్వగలదు, ఫ్రీని వాయిదా వేసి. సెకనుకు లక్షల వెతుకులాటలు జరిగే చోట అదే సరైన దారి. ఇక్కడ ఓపెన్, కెమెరా ఊడే క్షణాలు తప్పితే, రోజుకు కొన్నిసార్లు జరిగే పని. ఆర్‌సీయూ పెడితే రేపు ఈ కోడ్ చూసుకోవాల్సిన ఇద్దరు ముగ్గురి నెత్తిన అనవసరమైన బరువు. మామూలు మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరినే లోపలికి రానిచ్చే లాక్) చాలనుకున్నాను.

నియమం ఇలా పెట్టుకున్నాం. లిస్టుకు తనదంటూ ఒక రిఫరెన్స్ ఉంటుంది. వెతకడం, పెంచడం రెండూ ఒకే మ్యూటెక్స్ లోపల జరగాలి. డిస్కనెక్ట్ అదే మ్యూటెక్స్ లోపల ముందు లిస్టులోంచి తీసి, ఆ తర్వాతే లిస్టు రిఫరెన్స్‌ను వదలాలి. అప్పుడు లిస్టులో కనబడిన వస్తువు కౌంట్ కనీసం 1 ఉండి తీరాలి. కాబట్టి ఓపెన్‌లో ఇంక్_నాట్_జీరో కాకుండా మామూలు రెఫ్‌కౌంట్_ఇంక్ పెట్టాను, అదీ కావాలనే. అక్కడ సున్నా వచ్చిందంటే మా నియమాన్ని ఎవరో తప్పారు. నాట్_జీరో పెడితే ఆ తప్పు నిశ్శబ్దంగా ఓపెన్ ఎర్రర్‌గా మారి కనుమరుగవుతుంది. ఇంక్ అయితే అరుస్తుంది.

పెద్ద నిద్ర అలాగే ఉంచి రిలేను రాత్రంతా తిప్పాం. ఓపెన్ దారి నిలబడింది. కానీ తెల్లారేసరికి కొత్త హెచ్చరిక: అండర్‌ఫ్లో. ఈసారి క్లోజ్ దారిలో.

డిస్కనెక్ట్ ఫంక్షన్‌లో రెండు పుట్‌లు ఉన్నాయి. రెండోదాని పక్కన "లీక్ ఫిక్స్" అనే కామెంట్ తప్ప వివరణ లేదు. మొదటిది లిస్టుది. రెండోది ఎవరిది? ఎవరి తరఫునో చెప్పలేని పుట్ డ్రైవర్‌లో ఉండకూడదు. వెనక్కి తవ్వితే దొరికింది. ఫ్రేమ్ రాగానే యూఆర్‌బీ (యూఎస్‌బీ రిక్వెస్టు) కంప్లీషన్ కౌంట్ పెంచి, ప్రాసెసింగ్‌ను వర్క్ క్యూలో (తర్వాత చేయాల్సిన పనుల వరసలో) వేస్తుంది. వర్క్ పూర్తయ్యాక తగ్గిస్తుంది. చూడటానికి బాగానే ఉంది. కానీ ఆ వర్క్ అప్పటికే క్యూలో వేచి ఉంటే క్యూ_వర్క్ ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది, రెండోసారి వేయదు. కౌంట్ మాత్రం రెండుసార్లు పెరిగింది, తగ్గేది ఒక్కసారి. అదొక లీకు. లోడ్ ఎక్కువైతేనే జరుగుతుంది. ఎప్పుడో ఎవరో ఆ లీకును గమనించి, కారణం వెతక్కుండా డిస్కనెక్ట్‌లో ఒక పుట్ కలిపి లెక్క సరిపెట్టారు. లీకు సరిగ్గా ఒక్కసారి జరిగిన రోజు లెక్క కుదురుతుంది. ఒక్కసారీ జరగని రోజు ఆ అదనపు పుట్, ఫైలు తెరిచి ఉంచిన ప్రోగ్రామ్ రిఫరెన్స్‌ను తినేస్తుంది. పాత అటామిక్_టితో ఇది ఎవరికీ కనబడలేదు.

రెండు దారులున్నాయి. క్యూ_వర్క్ ఫాల్స్ ఇస్తే అక్కడికక్కడే పుట్ చేయడం ఒకటి. అలా చేస్తే డిస్కనెక్ట్‌లో క్యాన్సిల్_వర్క్_సింక్ ట్రూ ఇచ్చినప్పుడు, అంటే నడవకముందే రద్దయిన వర్క్ ఉన్నప్పుడు, దాని రిఫరెన్స్‌ను కూడా మనమే వదలాలి. సరైనదే, కానీ గుర్తుపెట్టుకోవాల్సిన మెలికలు రెండు. రెండో దారి: వర్క్‌కు రిఫరెన్సే వద్దు. డిస్కనెక్ట్ ముందు "కెమెరా పోయింది" అనే జెండా ఎత్తుతుంది, దాంతో కొత్త యూఆర్‌బీలు వెళ్లవు. తర్వాత యూఎస్‌బీ_కిల్_యూఆర్‌బీ, అది నడుస్తున్నవి ముగిసేదాకా ఆగుతుంది. తర్వాత క్యాన్సిల్_వర్క్_సింక్. ఇవన్నీ అయ్యాకే లిస్టులోంచి తీసి పుట్. ఈ వరసలో వర్క్ నడిచేంతకాలం లిస్టు రిఫరెన్స్ బతికే ఉంటుంది. నేను దీన్నే ఎంచుకున్నాను. రిఫరెన్స్‌లు ఎంత తక్కువుంటే తప్పే చోట్లు అంత తక్కువ. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. వర్క్ తీసుకునే మ్యూటెక్స్‌ను పట్టుకుని క్యాన్సిల్_వర్క్_సింక్ పిలిస్తే రెండూ ఒకదానికోసం ఒకటి చూస్తూ ఉండిపోతాయి.

జెండా గురించి ఒక్క మాట. పాత కోడ్‌లో మెమరీ ఉందంటే కెమెరా ఉన్నట్టే అనుకున్నారు. కెమెరా ఊడిపోయాక కూడా ప్రోగ్రామ్ ఫైలు తెరిచి ఉంచితే స్ట్రక్చర్ బతికే ఉంటుంది, ఉండాలి కూడా. కౌంట్ మెమరీ ప్రాణాన్ని చెబుతుంది, వస్తువు పనిచేస్తుందో లేదో చెప్పదు. రీడ్, ఐయాక్టల్ (డివైస్‌కు ఆదేశాలిచ్చే పిలుపు) రెండూ ఇప్పుడు ముందు మ్యూటెక్స్ లోపల జెండా చూసి, ఎత్తి ఉంటే "డివైస్ లేదు" అనే ఎర్రర్‌తో తిరిగొస్తాయి.

నేర్చుకున్నది, ఇప్పటి స్థితి

రెఫ్‌కౌంట్_టి గురించి మాట వస్తే అందరూ ముందు ఓవర్‌ఫ్లో దాడి గురించి చెబుతారు. ఆ కథ నిజమే, ముఖ్యమే. కానీ డ్రైవర్ల పనిలో నాకు ఎక్కువగా తగిలేవి ఈ రెండే: చేతిలో రిఫరెన్స్ గానీ లాక్ గానీ లేకుండా తీసుకునే గెట్, ఎవరి తరఫునో తెలియని పుట్. వీటిని రెఫ్‌కౌంట్_టి సరిచేయదు. ఎక్కడో జరిగే క్రాష్‌ను తప్పు జరిగిన చోటికి లాక్కొస్తుంది. అందుకే ఇలాంటి కేసు వస్తే ఇప్పుడు మార్పిడితోనే మొదలుపెడతాను, సరిచేయడానికి కాదు, చూడటానికి.

ప్రతి గెట్ పక్కనా అది ఎవరి రిఫరెన్స్, ఎక్కడ వదులుతారు అని ఒక్క లైను కామెంట్ రాయించాను. కుర్రాడికి మొదట అది చాదస్తంలా అనిపించింది. రాస్తుండగా ఒక ఎర్రర్ దారిలో వదలని రిఫరెన్స్ అతనికే కనబడింది, ఆ తర్వాత నేను అడగాల్సిన పని లేకపోయింది.

బల్ల మీది బోర్డులో పానిక్_ఆన్_వార్న్ ఆన్‌లో ఉంటుంది, హెచ్చరిక రాగానే ఆగిపోవాలి. ఫ్యాక్టరీలో అది ఆఫ్. అక్కడ హెచ్చరిక వస్తే కౌంటర్ బిగుసుకుని కాస్త మెమరీ లీకవుతుంది, యంత్రం నడుస్తుంది, లాగ్‌లో ఆ లైను కనబడితే నాకు కబురు వస్తుంది. ఇనిట్_ఆన్_ఫ్రీని మాత్రం ఫ్యాక్టరీలోనూ ఉంచేశాం. కొలిచి చూస్తే ఫ్రేమ్ రేటు తగ్గలేదు, చచ్చిన కౌంటర్ సున్నాగా కనబడాలంటే అది ఉండాలి. ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి ఒక పూట కావాలనే కెమెరా సప్లైని మళ్లీ మెయిన్స్ మీదికి మార్పించి, జనరేటర్‌ను ఎక్కిస్తూ దించుతూ చూశాం. కెమెరాలు ఊడాయి, తగిలాయి, సార్టింగ్ మళ్లీ మొదలైంది. లాగ్‌లో రెఫ్‌కౌంట్ లైను లేదు. వాల్వు బోర్డుకు ఉన్న రెండో డ్రైవర్‌ను కూడా అదే కంపెనీ, అదే పద్ధతిలో రాసింది. ఇప్పుడు దాని కౌంటర్లు ఒక్కొక్కటే చూస్తున్నాం.